ఒంటిచేతి డేవిట్, లండన్ సభ, కూలివాడి అర ఎకరం

కూలీ సంఘాల సమావేశాల్లో ఎప్పుడూ వినపడే ప్రశ్న ఒకటుంది. "చట్టసభలోకి మనోణ్ణి ఒకణ్ణి పంపితే మనకేం ఒరుగుద్ది?" ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులొస్తాయి. మనవాడు గెలిస్తే భూమీ వస్తుంది, కూలీ పెరుగుతుంది అని ఒకరు. అదంతా ఉత్త మాటల దుకాణం, అక్కడ కూర్చున్నవాడు నాలుగు రోజుల్లో వాళ్లలో ఒకడైపోతాడు అని ఇంకొకరు. ఈ రెండు జవాబులూ మాకు సరిపడవు. ఎందుకో చెప్పడానికి ఐర్లండు దేశస్థుడు మైకేల్ డేవిట్ కథ తీసుకుంటున్నాం. ఆయన రైతు బిడ్డ, మిల్లు కూలీ, శిక్ష పడిన ఖైదీ, బ్రిటిష్ కామన్స్ సభ సభ్యుడు. ఇన్ని వేషాలూ ఒకే మనిషి వేయడం ఏ దేశంలోనైనా అరుదే.

ఆనాటి ఐర్లండు ఎట్లా ఉండేదో ముందు చెప్పుకోవాలి. అది బ్రిటన్ పాలనలో ఉన్న దేశం. దున్నేవాళ్లలో దాదాపు అందరూ కౌలుదార్లే. 1870 ప్రాంతంలో సుమారు 750 కుటుంబాల చేతుల్లో దేశపు భూమిలో సగం ఉంది. ఆ కుటుంబాల్లో చాలామంది లండన్లో కాపురం, కౌలు వసూలుకు ఇక్కడ ఏజెంటు. కౌలు కట్టలేకపోతే బేదఖలు. కౌలుదారు తన చెమటతో బురదనేలను బాగుచేసుకుంటే మరుసటేడు కౌలు పెంచేవాళ్లు. కౌలుదారు కింద ఇంకో మనిషి ఉన్నాడు. పావు ఎకరమో అర ఎకరమో బంగాళాదుంపల మడి కోసం ఏడాదంతా వెట్టిలాగా పనిచేసే కూలి. 1845లో బంగాళాదుంపకు తెగులు తగిలింది. నాలుగైదేళ్ల కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, మరో 10 లక్షల మందికి పైగా ఓడలెక్కి దేశం విడిచిపోయారు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆ అడుగున ఉన్న కూలి మనిషే. ఆ రోజుల్లోనే ఐర్లండు రేవుల నుంచి ఇంగ్లండుకు ధాన్యం, పశువులు ఎగుమతి అవుతూ ఉన్నాయి. కరువంటే తిండి లేకపోవడం కాదు, తిండి కొనే శక్తి లేకపోవడం అని మనకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ కరువు మధ్యలో, 1846 మార్చి 25న, పడమటి జిల్లా మేయోలో స్ట్రెయిడ్ అనే పల్లెలో డేవిట్ పుట్టాడు. 1850లో కౌలు బకాయి కింద ఆ కుటుంబాన్ని వెళ్లగొట్టి ఇల్లు తగలబెట్టారు. పిల్లవాడికి అప్పుడు నాలుగేళ్లు. దిక్కులేనివాళ్లకు గంజి పోసే వర్క్‌హౌస్ అనే సర్కారీ శరణాలయం ఉండేది. అక్కడికి పోతే మూడేళ్లు దాటిన మగపిల్లవాణ్ణి తల్లి నుంచి వేరుచేస్తామన్నారు. నా బిడ్డను వదిలి ఉండనని ఆ తల్లి వెంటనే బయటకొచ్చేసింది. రోడ్డున పడి, సముద్రం దాటి, ఇంగ్లండులో లాంకషైర్ జిల్లా హాస్లింగ్డన్ అనే నూలు మిల్లుల ఊరు చేరారు. పిల్లవాడు తొమ్మిదేళ్లకే మిల్లులో పనికి కుదిరాడు. 1857లో, పదకొండేళ్ల వయసున, కుడిచేయి యంత్రంలో పడి నలిగిపోయింది. చేయి తీసేశారు. నష్టపరిహారం దమ్మిడీ లేదు.

ఆ చేయి పోవడమే ఆయన్ను బడికి పంపింది. మిల్లులో ఇక పనికిరాడు కాబట్టి ఒక దాత సాయంతో చదువుకున్నాడు. ఎర్నెస్ట్ జోన్స్ అనే చార్టిస్టు నాయకుడి ఉపన్యాసాలు విన్నాడు. భూస్వామ్యాన్ని తిట్టే ఇంగ్లీషువాళ్లు కూడా ఉంటారని అక్కడ తెలిసింది. 1865లో రహస్య విప్లవ సంస్థలో చేరాడు. 1870లో ఆయుధాలు చేరవేస్తున్నాడని పట్టుకుని 15 ఏళ్ల కఠిన శిక్ష వేశారు. డార్ట్‌మూర్ జైల్లో ఒంటిచేతి మనిషి చేత రాళ్లు కొట్టించారు, ఎముకలు పొడి చేయించారు, బండి లాగించారు. 1877 చివర్లో షరతులమీద వదిలిపెట్టారు.

బయటకొచ్చి చూస్తే మేయోలో మళ్లీ కరువు నీడ. పంట పోయింది, ధరలు పడిపోయాయి, కౌలు మాత్రం తగ్గలేదు. 1879 ఏప్రిల్ 20న ఐరిష్‌టౌన్ అనే పల్లెలో వేలాదిమంది రైతులు సభ జరిపారు. ఏర్పాట్లలో డేవిట్ చేయి ఉంది కాని ఆ రోజు సభలో ఆయన లేడు. ఆ ఊరి భూమి వ్యవహారం చూస్తున్నది ఎవరనుకున్నారు? ఒక కాథలిక్ మతగురువు. భూస్వామి అంటే పరాయి దేశస్థుడే, పరాయి మతస్థుడే అనుకునేవాళ్లకు ఇది కొంచెం చేదుగానే ఉంటుంది. సభ జరిగిన కొద్ది రోజులకే అక్కడ కౌలు నాలుగో వంతు తగ్గింది. ఆగస్టులో మేయో లాండ్ లీగు, అక్టోబరు 21న డబ్లిన్‌లో దేశమంతటి లాండ్ లీగు ఏర్పడ్డాయి. అధ్యక్షుడు పార్నెల్. ఆయన స్వయానా భూస్వామి, పార్లమెంటు సభ్యుడు. సంస్థను ఊరూరా నిలబెట్టింది డేవిట్.

లాండ్ లీగు వాడిన ఆయుధం పేరు మన పల్లెల్లో చదువురాని వాళ్లకు కూడా తెలుసు. అదే బాయ్‌కాట్. బాయ్‌కాట్ అనేది మనిషి పేరు. మేయోలో ఒక ప్రభువు ఎస్టేటు ఏజెంటు, కెప్టెన్ బాయ్‌కాట్. 1880 శరదృతువులో ఆయన పొలంలోకి కూలీలు పోలేదు, కొట్టువాడు సరుకివ్వలేదు, చాకలి బట్టలుతకలేదు, కమ్మరి గుర్రానికి నాడా వేయలేదు. పంట కోయడానికి ఉత్తరాది నుంచి 50 మందిని తెచ్చి, వాళ్లకు కాపలాగా వందలాదిమంది సైనికుల్ని, పోలీసుల్ని దించారు. ఆ బందోబస్తు ఖర్చు పంట విలువకు ఎన్నో రెట్లయింది. పంట కోత ముగిసింది, బాయ్‌కాట్ దేశం విడిచిపోయాడు, పేరు మాత్రం ప్రపంచంలోని ఎన్నో భాషల్లో ఉండిపోయింది.

ఇక్కడ ఒక పక్కమాట. ఆ మాట మన దగ్గరికొచ్చేసరికి చేతులు మారింది. భూమి గలవాళ్లు కలిసికట్టుగా దళిత వ్యవసాయ కార్మికులకు పని ఆపి, దారి ఆపి, కొట్లో సరుకు ఆపడానికి 'సాంఘిక బహిష్కరణ' అని పేరు పెట్టారు. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో ఊచకోతకు ముందు నడిచింది అదే. బలహీనుడు బలవంతుడి మీద ఎత్తిన ఆయుధాన్ని బలవంతుడు ఎత్తితే దాని పేరు మారాలి. డేవిట్‌కు ఈ తేడా తెలుసు. 1904లో లిమరిక్ పట్టణంలో ఒక మతగురువు రెచ్చగొట్టి అక్కడి కొద్దిమంది యూదుల మీద బహిష్కరణ పెట్టించాడు. బాయ్‌కాట్ పుట్టించిన ఉద్యమానికి తండ్రిలాంటివాడు డేవిట్ దాన్ని బాహాటంగా ఖండించాడు. అంతకుముందు సంవత్సరమే రష్యా సామ్రాజ్యంలోని కిషినెవ్ వెళ్లి, యూదుల మీద జరిగిన దాడుల తర్వాతి పరిస్థితిని కళ్లారా చూసి రాసిన మనిషి ఆయన.

ఇక చట్టసభ సంగతికొద్దాం. బయట ఉద్యమం మంట మీద ఉండబట్టే 1881లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం భూమి చట్టం తెచ్చింది. న్యాయమైన కౌలు నిర్ణయించే కోర్టులు, కౌలు కడుతున్నంత కాలం బేదఖలు చేయకుండా భద్రత, తన కౌలు హక్కును అమ్ముకునే స్వేచ్ఛ. ఈ మూడూ రైతుకు దక్కాయి. మరో చేత్తో అదే ప్రభుత్వం అణచివేత చట్టం తెచ్చి నాయకుల్ని జైల్లో పెట్టింది. డేవిట్‌ను ఆ ఏడు ఫిబ్రవరిలోనే మళ్లీ లోపలేశారు. మగ నాయకులంతా లోపల ఉంటే ఉద్యమం నడిపింది ఆడవాళ్లు. పార్నెల్ చెల్లెలు అన్నా పార్నెల్ నాయకత్వాన లేడీస్ లాండ్ లీగు బేదఖలైన కుటుంబాలకు గుడిసెలు వేయించింది, ఖైదీల కుటుంబాలను సాకింది. ఆడవాళ్ల సంఘం అనగానే తక్కిన పెద్దలు మూతి ముడిచారు. గట్టిగా సమర్థించిన నాయకుడు డేవిట్. నాయకులు విడుదల కాగానే పార్నెల్ ఆ సంఘానికి డబ్బు ఆపి మూయించాడన్నది కూడా చరిత్రే.

1882 ఫిబ్రవరిలో మీత్ నియోజకవర్గం జనం జైల్లో ఉన్న డేవిట్‌ను పార్లమెంటుకు ఎన్నుకున్నారు. శిక్ష పడిన ఖైదీ కాబట్టి చెల్లదని కామన్స్ సభ తోసిపుచ్చింది. 1892లో ఉత్తర మీత్ నుంచి గెలిచాడు. మతగురువులు ఓటర్లను బెదిరించారని ఎన్నికల పిటిషన్ పడి ఆ ఎన్నిక రద్దయింది. అసలు ఆ బెదిరింపు బిషప్పులది, ఖర్చు మాత్రం డేవిట్ నెత్తిన పడింది. 1893లో ఈశాన్య కార్క్ నుంచి సభకు పోయాడు. ఆ ఏప్రిల్‌లో హోంరూల్ బిల్లు మీద తొలి ప్రసంగం చేశాడు. కొద్ది నెలలకే పిటిషన్ ఖర్చులు కట్టలేక దివాలా తీసి సభ్యత్వం వదులుకోవలసి వచ్చింది. దివాలాదారుకు సభలో చోటు లేదు మరి. చివరికి 1895లో ఆయన ఆస్ట్రేలియాలో ఉపన్యాస యాత్రలో ఉండగా రెండు చోట్ల పోటీ లేకుండా గెలిపించారు. ఆయన దక్షిణ మేయోను ఉంచుకున్నాడు. నాలుగేళ్లు కూర్చున్నాడు.

ఆ సభలో ఎక్కువమంది భూములవాళ్లు, మిల్లుల వాళ్లు, వాళ్ల వకీళ్లు. బేదఖలైన ఇంట్లో పుట్టి, మిల్లులో చేయి పోగొట్టుకుని, అదే ప్రభుత్వపు జైల్లో రాళ్లు కొట్టి వచ్చినవాడు ఆ బల్లల మీద కూర్చున్నాడంటే అదే ఒక సంగతి. కాని కూర్చున్నంత మాత్రాన ఏమీ రాదు. ఏం మాట్లాడాడన్నది ముఖ్యం.

మా లెక్కలో ఆయన సభలో చేసిన గట్టి పని జైళ్ల గురించి. 1898లో జైళ్ల బిల్లు చర్చకు వచ్చింది. తక్కిన సభ్యులు కమిటీ నివేదికలు చదివి మాట్లాడుతుంటే ఈయన తన వీపు మీది అనుభవంతో మాట్లాడాడు. ఖైదీకి ఏం తిండి పెడతారు, ఎన్ని గంటలు ఒంటరి గదిలో పెడతారు, పనికిమాలిన చాకిరీ మనిషిని ఎట్లా పిచ్చివాణ్ణి చేస్తుంది, కొరడా దెబ్బ ఎవరికి పడుతుంది – ఇవన్నీ ఆయనకు నోటికొచ్చు. రాజకీయ ఖైదీల గురించే కాదు, దొంగతనం చేసి లోపలకొచ్చిన పేదవాడి గురించి కూడా మాట్లాడాడు. ఆ చట్టం కొరడా శిక్షను బాగా కుదించింది. సత్ప్రవర్తనకు శిక్ష తగ్గించే ఏర్పాటు చిన్న జైళ్లకు కూడా తెచ్చింది, ఖైదీలను తరగతులుగా విడదీసింది. ఇదంతా డేవిట్ ఒక్కడి ఘనత అని మేము చెప్పం. కాని ఆ గదిలో జైలు తిండి రుచి తెలిసినవాడు ఒకడుండటం వల్ల అబద్ధాలు చెప్పడం కష్టమైంది. చట్టసభలో మనవాడు ఉండటం వల్ల కలిగే మొదటి లాభం ఇదేనని మా అభిప్రాయం. అబద్ధం ఆడేవాడి నోరు కొంచెం తడబడుతుంది.

రెండోది పడమటి జిల్లాల ఆకలి. 1897లో బంగాళాదుంప పంట మళ్లీ దెబ్బతింది. 1898 మొదట్లో డేవిట్ ఆ బాధను సభలో లేవనెత్తాడు. ప్రభుత్వం ఎప్పటిలాగే పరిస్థితి అదుపులో ఉందంది. ఈ జవాబు ఏ దేశంలోనైనా ఒకే తీరుగా ఉంటుంది, ఒకే ఫ్యాక్టరీలో తయారైనట్టు. అయితే డేవిట్ ఆ జవాబు విని ఊరుకోలేదు. 1898 జనవరి 23న మేయోలోని వెస్ట్‌పోర్ట్‌లో విలియం ఓబ్రయన్ మొదలుపెట్టిన యునైటెడ్ ఐరిష్ లీగుకు అండగా నిలిచాడు. దాని నినాదం ఏమిటంటే, మంచి భూములన్నీ పశువులు మేపే పెద్ద గ్రేజియర్ల చేతుల్లో ఉన్నాయి, మనుషులు మాత్రం బురదల్లో, రాళ్లల్లో బతుకుతున్నారు. ఆ గడ్డిభూములు పంచమని. ఇక్కడ గమనించాలి. ఆ గ్రేజియర్లలో చాలామంది ఇంగ్లీషు ప్రభువులు కారు. ఊళ్లో కొట్టు పెట్టి, అప్పులిచ్చి, లాండ్ లీగు రోజుల్లో జెండా కూడా మోసిన ఐరిష్ పెద్దమనుషులే. భూపోరాటం సగంలో ఆగితే లాభం ఎవరి గాదెలోకి పోతుందో డేవిట్ కళ్లముందే కనపడుతోంది.

సభలో అడగడం, ఊళ్లో సంఘం కట్టడం. ఈ రెండూ ఒకే నెలల్లో జరిగాయి. ఒకదాన్ని ఒకటి లాక్కుపోయాయి. విడివిడిగా చూస్తే రెండూ అర్థం కావు.

1899 అక్టోబరులో దక్షిణాఫ్రికాలో బోయర్లకూ బ్రిటన్‌కూ మధ్య యుద్ధం మొదలైంది. ఆ యుద్ధానికి నిరసనగా డేవిట్ సభలోనే రాజీనామా ప్రకటించి బయటకొచ్చాడు. ఇన్నేళ్లూ ఈ సభ న్యాయబుద్ధికి మొరపెట్టుకున్నానని, వెనక బలం లేని న్యాయం ఈ సభకు వినపడదని తేలిందని అర్థం వచ్చేటట్టు మాట్లాడాడు. ఈ రాజీనామాను చాలామంది ఆకాశానికెత్తుతారు. సామ్రాజ్యవాద యుద్ధాన్ని ఎదిరించి సీటు వదులుకోవడం గొప్ప విషయమే, కాదనం. కాని ఆ తర్వాత దక్షిణాఫ్రికా వెళ్లొచ్చి రాసిన పుస్తకంలో బోయర్ల వీరత్వం ఉంది, ఆ గడ్డకు అసలు వారసులైన నల్లజాతి జనం గోడు లేదు. పైగా వాళ్ల గురించి ఆనాటి తెల్లవాళ్ల చిన్నచూపే కనపడుతుంది. యూదుల బాధ చూడగలిగిన కళ్లకు ఆఫ్రికా కూలివాడు కనపడలేదు. దీన్ని కప్పిపుచ్చడం మాకిష్టం లేదు.

మన దేశం విషయంలో మాత్రం ఆయన చూపు నేరుగా ఉంది. భారతీయుడైన దాదాభాయి నౌరోజీకి ఐర్లండులో ఒక సీటిచ్చి కామన్స్ సభకు పంపాలని 1880లలోనే ప్రతిపాదించింది డేవిట్. పార్నెల్ వెనకాడాడు. తర్వాత 1892లో నౌరోజీ లండన్లోని ఫిన్స్‌బరీ నుంచి అతి కొద్ది ఓట్ల మెజారిటీతో గెలిచాడు. 1894 డిసెంబరులో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన ఆల్ఫ్రెడ్ వెబ్ కూడా ఐరిష్ పార్లమెంటు సభ్యుడే. మన తెలుగు జిల్లాలు కొన్ని ఆనాడు ఆ మద్రాసు రాజధాని కిందే ఉన్నాయి. సాయుధ కాపలాతో కౌలు వసూలు చేసే పద్ధతి ఐర్లండుకూ మన జమీందారీ ప్రాంతాలకూ ఒకే పాలకులు నేర్పిన విద్య. 1885లో బెంగాల్ కౌలు చట్టం చేసేటప్పుడు ఐరిష్ భూమి చట్టాలు చర్చలో నలిగాయి. అక్కడ రైతు తిరగబడి తెచ్చుకున్న చట్టం ఇక్కడి దొరలకు హెచ్చరికగా కూడా పనిచేసిందన్నమాట.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. మన పాఠకుల్లో ఎక్కువమందికి భూమి లేదు. వాళ్లు అడగవలసిన ప్రశ్న ఒకటే. ఇన్ని పోరాటాల్లో, ఇన్ని చట్టాల్లో కూలివాడికి ఏమొచ్చింది?

1881 చట్టం కౌలుదారును చూసింది, కూలివాణ్ణి చూడలేదు. లాండ్ లీగు సభలకు కూలీలు వేలల్లో వచ్చారు, లాఠీలు తిన్నారు, బాయ్‌కాట్లో పని మానుకుని ఆకలితో ఉన్నారు. చట్టం వచ్చాక కౌలు తగ్గిన రైతు కూలివాడికి కూలి పెంచాడా? పెంచలేదు. కౌలు తగ్గితే ఆ మిగులు రైతు దగ్గరే ఆగింది. గొడవలయ్యాయి. అప్పుడు 1883లో పార్లమెంటు ఐరిష్ వ్యవసాయ కార్మికుల చట్టం చేసింది. ఒక్కో కూలి కుటుంబానికి ప్రభుత్వ అప్పుతో ఇల్లు, దానితోపాటు అర ఎకరం పెరడు, వారానికి తక్కువ అద్దె. 1892లో ఆ స్థలాన్ని ఎకరం దాకా పెంచారు. వినడానికి బాగుంది. అమలు చేసేది ఎవరు? పేదల సంరక్షణ బోర్డులు. ఆ బోర్డుల్లో కూర్చున్నది ఎవరు? భూస్వాములు, పెద్ద రైతులు. ఇల్లు కట్టడానికి తమ పొలంలోంచే ముక్క ఇవ్వాలి, తామే సెస్సు కట్టాలి. పైగా కూలివాడికి సొంత గడప ఉంటే రేపు పనికి రానంటాడు. ఇంకేముంది, దరఖాస్తులు మూలపడ్డాయి. విచారణలు, అప్పీళ్లు, మళ్లీ విచారణలు. కూలీలు సంఘం కట్టిన దక్షిణాది జిల్లాల్లో ఇళ్లు లేచాయి, సంఘం లేని పడమట దాదాపు లేవలేదు. ఇళ్ల స్థలాల అర్జీ చేతపట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు ఈ పేరా మేము విప్పి చెప్పక్కర్లేదు.

డేవిట్ ఈ ఇరకాటాన్ని మొదట్లోనే పసిగట్టాడు. జైలు నుంచి వస్తూనే 1882లో లివర్‌పూల్ సభలో భూమిని జాతీయం చేయాలని ప్రకటించాడు. పార్నెల్, తక్కిన నాయకులు కౌలుదారును సొంతదారును చేస్తే చాలన్నారు. డేవిట్ వాదన వేరు. భూస్వామి స్థానంలో లక్షలమంది చిన్న సొంతదార్లు వస్తారు, సరే. వాళ్లలో కొందరు అప్పుల్లో మునిగి అమ్ముకుంటారు, కొందరు కొని పెద్దవాళ్లవుతారు. కూలివాడు ఎక్కడున్నవాడు అక్కడే ఉంటాడు, పట్నంలో కార్మికుడికి కూడా ఏమీ రాదు. భూమి జాతి ఆస్తిగా ఉండి, దున్నేవాడు నిర్భయంగా దున్నుకుని, భూమి మీద పన్ను సమాజానికి చేరాలి. ఇదీ ఆయన మాట. జనం ఆయన్ను భుజాల మీద మోశారు కాని ఈ మాట మాత్రం చెవిన పెట్టలేదు. తరతరాలుగా బేదఖలైనవాడికి 'ఈ చెక్క నాది' అన్న మాటలో ఉన్న రుచి అట్లాంటిది. ఆ రైతును మేము తప్పుపట్టం. కాని డేవిట్ చెప్పిన జోస్యం నిజమైంది.

1890 జనవరిలో కార్క్‌లో కూలీలను, పట్నపు కార్మికులను కలిపి ఒక ప్రజాతంత్ర కార్మిక సమాఖ్య పెట్టించాడు. పార్నెల్‌కు అది గిట్టలేదు. కార్మిక సంఘాలంటే కార్మికుల భూస్వామ్యమే అన్న ధోరణి ఆయనది. జాతీయోద్యమంలో అన్ని వర్గాలూ కలిసుండాలి, ఇప్పుడు కూలి గొడవ తెస్తే చీలిక వస్తుంది అన్నారు. ఈ పాట మన దేశంలోనూ చాలాకాలం విన్నాం. ఐక్యత కోసం ఎవరు నోరు మూసుకోవాలి అంటే ఎప్పుడూ అడుగున ఉన్నవాడే. అదే ఏడు చివర్లో పార్నెల్ విడాకుల కేసు గొడవతో పార్టీ రెండుగా చీలింది, అది కూలీల వల్ల మాత్రం కాదు.

1903లో విండమ్ చట్టం వచ్చింది. భూస్వాములు ఎస్టేట్లు అమ్మేస్తే ప్రభుత్వం అప్పిచ్చి కౌలుదార్ల చేత కొనిపిస్తుంది. రైతు 68న్నర ఏళ్లు వాయిదాలు కట్టాలి. అమ్మిన ప్రభువులకు ధర కాక 120 లక్షల పౌండ్ల బోనస్ కేటాయించారు. డేవిట్ అప్పటికి సభలో లేడు. బయటనుంచే గట్టిగా వ్యతిరేకించాడు. దోచుకున్నవాడికి దోచిన సొమ్ముకు ధర కట్టివ్వడమే కాక పైన ఇనాం కూడానా అని ఆయన ఆక్షేపణ. తక్కిన నాయకులు ఆయన్ను మొండివాడన్నారు. ఆ వాయిదాలు స్వతంత్రం వచ్చాక కూడా బ్రిటన్ ఖజానాకు పోతూనే ఉన్నాయి. 1926 నుంచి పీడర్ ఓడానెల్ వంటి వామపక్షీయులు వాయిదాలు కట్టొద్దని ఊరూరా తిరిగారు. 1932లో డి వలేరా ప్రభుత్వం బ్రిటన్‌కు చెల్లింపు ఆపేసింది. దాంతో రెండు దేశాల మధ్య సుంకాల యుద్ధం నడిచి, 1938లో కోటి పౌండ్లు ఒకేసారి కట్టి తెంచుకున్నారు. డేవిట్ 1903లో చెప్పింది మొండితనమో ముందుచూపో పాఠకులే తేల్చుకోవచ్చు.

డేవిట్ 1906 మే 30న పోయాడు. పన్ను పీకించుకుంటే విషమించి ప్రాణం మీదికొచ్చింది. ఆ ఏడే కొత్త వ్యవసాయ కార్మికుల చట్టం వచ్చింది. కూలీల ఇళ్లకు 42 లక్షల 50 వేల పౌండ్లు కేటాయించారు. దీని వెనక కార్క్ జిల్లా సభ్యుడు డి.డి. షీహన్ ఉన్నాడు. ఆయన కూడా చిన్నప్పుడు బేదఖలైన కుటుంబంలోనివాడే. సభలో అడిగింది షీహన్, అడిగించింది ఆయన వెనకున్న భూమి, కార్మిక సంఘం. మొదటి ప్రపంచయుద్ధం నాటికి మొత్తం 40 వేలకు పైగా ఇళ్లు లేచాయి. మట్టి గుడిసెల్లో క్షయతో చచ్చే కుటుంబాలకు గోడ, కప్పు, పెరడు దక్కాయి. ఇది చిన్న విషయం కాదు. వేళాకోళం చేసేవాళ్లు ఒక్క వానాకాలం మట్టిగుడిసెలో పడుకుని చూడాలి. అయితే ఆ ఇల్లు కూలివాడికి సొంతం కాదు, అద్దెకే. కొనుక్కునే హక్కు 1936 చట్టంతో గాని రాలేదు. సాగుభూమి మాటంటారా, కౌలుదారుకు పొలం, కూలివాడికి పెరడు. చట్టసభ అక్కడే గీత గీసింది.

ఆ గీతకు ఇవతల ఉన్నవాళ్లు, అవతల ఉన్నవాళ్లు తర్వాత ఎట్లా ఎదురుపడ్డారో ఒక్కటి చెప్పి ముగిస్తాం. 1923లో, ఐర్లండు స్వతంత్ర రాజ్యంగా ఏర్పడ్డ మరుసటి ఏడు, వాటర్‌ఫర్డ్ జిల్లా తూర్పు భాగంలో రైతులు కూలి తగ్గిస్తామన్నారు. సుమారు 1500 మంది వ్యవసాయ కార్మికులు మే నెలలో పని ఆపారు. ఆ రైతుల్లో ఎందరి తండ్రులు లాండ్ లీగు జెండా కింద నడిచి ఉంటారో లెక్కలేదు. ఒకప్పటి కౌలుదార్లు, ఇప్పుడు సొంతదార్లు. వాళ్లు కొత్త ప్రభుత్వాన్ని సాయం అడిగారు. ప్రభుత్వం స్పెషల్ ఇన్‌ఫెంట్రీ కోర్ అనే సైనిక దళాన్ని పంపింది. 43 ఏళ్ల కిందట కెప్టెన్ బాయ్‌కాట్ పొలానికి బ్రిటిష్ సైన్యం కాపలా కాసినట్టే, ఐరిష్ సైన్యం ఐరిష్ రైతుల పొలాలకు కాపలా కాసింది. కూలీలు ఏడు నెలలు నిలబడ్డారు. యూనియన్ దగ్గర డబ్బు అయిపోయి సమ్మె భత్యం ఆగింది. డిసెంబరు నాటికి ఓడిపోయి, పిలిచినవాళ్లు పనుల్లోకి పోయారు. పిలవనివాళ్లు ఓడలెక్కారు.